పగడాల తొట్టికి పరువు లైటు ఎందుకు?

ఈసారి రాత కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు ఆదివారం టిఫిను అయ్యాక చదవండి. మా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక గూడూరు వైపు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి. వత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దండి. విషయం తప్పయితే తిట్టండి. "మేము" అని రాయడం గొప్ప కోసం అనుకోకండి. ఇంట్లో తొట్టి చూసుకునేది ఇద్దరం, ఈ రాసేవాడూ ఇంటావిడా. నీళ్ళు మార్చేది ఆవిడే గనుక "నేను" అని రాస్తే ఊరుకోదు.

పది రోజుల క్రితం మన గ్రూపులో ఒక తమ్ముడు తన ఇంటి ఉప్పునీటి తొట్టి ఫొటోలు పెట్టారు. నాలుగడుగుల తొట్టి, లోపల బతికున్న పగడాలు, నీలం వెలుతురులో పచ్చగా, ఊదాగా మెరుస్తున్నాయి. అందరూ మెచ్చుకున్నారు, మేమూ మెచ్చుకున్నాం. కానీ కింద ఆయన రాసిన మాటల దగ్గర మాకు గొంతులో ముల్లు గుచ్చుకుంది. మంచి లైటు కొనలేనివాళ్ళు పగడాల జోలికి పోకూడదట. చవక లైటు కింద పెట్టడమంటే వాటిని చంపడమేనట. అలాంటివాళ్ళు గప్పీలు పెంచుకుంటే చాలట. మంచి లైటు ఏదో కూడా చెప్పారు. దిగుమతి సరుకు, ఒక్కొక్కటి 80,000 రూపాయల పైమాట, నాలుగడుగులకు రెండు కావాలి.

మరుసటి రోజే ఇంకో పోస్టు వచ్చింది. చాలామంది చూసి ఉండరు. కొళత్తూర్‌లో చేపల అంగడిలో పని చేసే మన సభ్యుడొకరు "రెండడుగుల తొట్టి, రాళ్ళతో సహా అమ్మకానికి" అని పెట్టారు. ఆ తొట్టి ఆయన కూతురిది. తొమ్మిదో తరగతి. అంగడిలో మిగిలిపోయిన చిన్న చిన్న ముక్కలు తెచ్చుకుని రెండేళ్ళుగా పెంచుతోంది. ఫోన్ చేసి ఎందుకమ్ముతున్నారని అడిగాం. "నైనా, నేను వాటిని చంపతా ఉండానా?" అని పాప అడిగిందట. ఆయన దగ్గర జవాబు లేక అమ్మకానికి పెట్టేశారు.

జవాబు మా దగ్గర ఉంది. అందుకే ఈ రాత.

ముందు పగడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. పగడం అనగానే మన ఆడవాళ్ళకు మంగళసూత్రంలో ఎర్రపూస గుర్తొస్తుంది. బడిలో మేము "పవళం" అని చదువుకున్నాం. మన్నడిలో పవళక్కార తెరువు ఉంది కదా, ఇంగ్లీషులో కోరల్ మర్చంట్ స్ట్రీట్. కంపెనీ రోజుల్లో యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాలు మద్రాసుకు తెచ్చి, బదులుగా గోల్కొండ వైపు నుంచి వచ్చే వజ్రాలు కొనుక్కుపోయేవాళ్ళు. ఆ నగల పగడానికి ఎండతో పని లేదు, చీకటి లోతుల్లో పెరుగుతుంది. తొట్టిలో పెంచేది వేరే కుటుంబం. వాటి ఒంట్లో జూజాంతెల్లే అనే ఒక కణం నాచు కాపురం ఉంటుంది. నాచు వెలుతురుతో వండిపెడుతుంది, పగడం తింటుంది. కాబట్టి తొట్టిలో లైటు అలంకారం కోసం పెట్టేది కాదు, వాటికి అదే అన్నం. ఇంతవరకూ తమ్ముడు రాసింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఎంత అన్నం అన్న దగ్గరే మా గొడవ.

ఉద్యోగంలో మేము సెంట్రల్ పార్సిల్ ఆఫీసులో చాలా ఏళ్ళు ఉన్నాం. కొళత్తూర్ చేపల పెట్టెలు మా చేతుల మీదుగానే దూరపు బళ్ళెక్కేవి. థర్మోకోల్ పెట్టె, లోపల ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు. తూకంలో పెట్టె బరువూ, నీళ్ళ బరువూ, చేపల బరువూ అన్నీ కలిసే వచ్చేవి. కాగితం మీద 20 కిలోలు ఉంటే లోపల చేపలు అరకిలో కూడా ఉండవు. లైటు పెట్టె మీద రాసిన వాట్లు కూడా ఆ తూకం లాంటివే. మా లైటు పెట్టె మీద 165 వాట్లు అని ఉంది. ప్లగ్గుకు మీటరు పెట్టి చూస్తే నిండుగా వేసినా 112 వాట్లే లాగుతోంది. ఆ 112లోనూ వేడి ఎంత, వెలుతురు ఎంత, వెలుతురులో నీళ్ళు దాటి పగడం దాకా చేరేది ఎంత అన్నది వాట్లు చెప్పవు.

ల్యూమెన్లు కూడా చెప్పవు. ల్యూమెను, లక్సు మనిషి కంటి కోసం కట్టిన లెక్కలు. మన కన్ను పచ్చ, పసుపు వెలుతురును బాగా పట్టుకుంటుంది, నీలాన్ని సరిగా పట్టుకోదు. సముద్రంలో సంగతి తలకిందులు. నీళ్ళు ఎరుపును పైపైనే మింగేస్తాయి, లోపలికి దిగేది నీలమే. పగడం ఒంట్లో నాచు ఆ నీలానికే అలవాటు పడి ఉంది. అందుకే సెల్‌ఫోన్ లక్సు యాప్‌తో నీలం లైటును కొలిచి "చాలదు" అని తేల్చేవాళ్ళను నమ్మకండి. తూకపు రాయితో గుడ్డ కొలిచినట్టు ఉంటుంది అది.

కొలవవలసింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న వెలుతురు, అంటే నాచు వండుకోగలిగిన వెలుతురు, ఒక చోట సెకనుకు ఎంత పడుతోందో చెప్పే లెక్క. ఉష్ణదేశంలో మిట్టమధ్యాహ్నం ఎండ నీటి మీద సుమారు 2,000 ఉంటుంది. మష్రూములు, జోయాంథిడ్‌ల వంటి మెత్తని జాతులకు 50 నుంచి 100 ఉంటే హాయిగా బతుకుతాయి. తోలు పగడాలకు ఇంకొంచెం. కొమ్మలు కొమ్మలుగా పెరిగే గట్టి పగడాలకు, అక్రోపోరా వంటివాటికి, 200 నుంచి 350 దాకా కావాలి. తమ్ముడు చెప్పిన 80,000 లైటు ఈ చివరి రకం కోసం తయారైంది. గప్పీలకూ అక్రోపోరాకూ మధ్య ఇంత పెద్ద వీధి ఉందని ఆయన పోస్టులో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. దాచితే ఇంటావిడే కింద కామెంటు పెడుతుంది.

మాది మూడడుగుల తొట్టి. మూడేళ్ళ క్రితం ఒక అంగడిలో 12,500 పెట్టి చైనా ఎల్ఈడీ పెట్టె కొన్నాం. నల్ల రేకు డబ్బా, లోపల నీలం వరుస, తెలుపు వరుస, రెంటికీ వేరే వేరే తిప్పుడు బిళ్ళలు. అంగడతను "చవక లైటు కదా సార్, ఫుల్‌లో పెట్టండి" అన్నాడు. మేమూ అలాగే నీటికి ఎనిమిది అంగుళాల పైన వేలాడదీసి, రెండు బిళ్ళలూ చివరిదాకా తిప్పి, రోజుకు పన్నెండు గంటలు వేశాం. ఎనిమిది రోజుల్లో అరచేయంత ఉన్న మష్రూములు రూపాయి బిళ్ళంత ముడుచుకుపోయాయి. రంగు పోయి తెల్లబడ్డాయి. మేము ఏమనుకున్నామో తెలుసా? చవక లైటు, వెలుతురు చాలడం లేదు అనుకున్నాం. పక్కన ఇంకో ట్యూబు తగిలించాం! తొమ్మిదింటిలో ఆరు పోయాయి.

తర్వాత కొలిచినప్పుడు తెలిసింది. అవి కూర్చున్న రాయి మీద పార్ 310. వాటికి కావలసిన దానికి మూడింతలు. చవక లైటు వాటిని ఆకలితో చంపలేదు, కుక్కి కుక్కి తినిపించి చంపింది. కాదు, చంపింది మేమే. చవక అంటే బలహీనం అన్న మాట తలలో దూరి ఉండటం వల్ల చంపాం. తమ్ముడి పోస్టు మీద మాకింత కోపం రావడానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు అదే లైటు ఒక అడుగు ఎత్తున ఉంది. నీలం 60 శాతం, తెలుపు 15, రోజుకు తొమ్మిది గంటలు. తెలుపు చాలావరకు మన కంటికోసమే, చేపల అసలు రంగు కనిపించడానికి. కొత్త ముక్క తెస్తే ముందు కింద ఇసుక మీద, నీడ పక్కన పెడతాం, రెండు వారాలకు కొంచెం పైకి జరుపుతాం. కొత్త లైటయితే 25 శాతంతో మొదలుపెట్టి వారానికి అయిదు చొప్పున పెంచాలి. చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టే. మిగిలిన ఆ మూడు మష్రూములు పిల్లలు పెట్టి ఇప్పుడు ముప్పై దాటాయి. అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తున్నాం.

కొలత సంగతికి వస్తాం. పాప ఏడుపు విన్నాక మాటలతో లాభం లేదనిపించింది. బెంగళూరులో మా అల్లుడి ఆఫీసులో ఒకాయన దగ్గర నీళ్ళలో ముంచే పార్ మీటరు ఉంది. బృందావన్‌లో వెళ్ళి, చేతిసంచిలో పెట్టుకుని తెచ్చాం. ముందు పాప ఇంటికి వెళ్ళాం. వాళ్ళ తొట్టి మీద ఉన్నవి వీధి అరుగుల మీద వేసే 20 వాట్ల ఫ్లడ్ లైట్లు రెండు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. రెండూ కలిపి 1,100 రూపాయలు. రాతి నెత్తిన 74 వచ్చింది. మధ్యలో 60, మూలల్లో 40 దాకా. ఆ పిల్ల ఎంత తెలివిగలదంటే, ఎక్కువ వెలుతురు కోరే తోలు పగడాన్ని సరిగ్గా 74 దగ్గరే పెట్టింది. మీటరు లేదు, పుస్తకం లేదు. "అక్కడ పెడితేనే అది బాగా విచ్చుకుంటుంది తాతా" అంది. అంతే.

తర్వాత పోస్టు రాసిన తమ్ముడింటికి వెళ్ళాం. కొలుస్తామంటే కాదనలేదు, కాఫీ కూడా ఇచ్చారు, ఆ పెద్ద మనసు ఒప్పుకోవాలి. రాతి పైభాగంలో 240, ఇసుక మీద 110. అక్రోపోరాకు చక్కటి కొలత, పగడాలు కూడా ఆరోగ్యంగా ఉన్నాయి. లైటు ఎంతలో పెట్టారని అడిగాం. ఫోన్ తీసి చూపించారు. నలభై శాతం. ఎక్కువ పెడితే కొసలు మాడిపోతున్నాయట. అంటే లక్షా అరవై వేలు పోసి కొన్న వెలుతురులో అరవై శాతం పెట్టెలోనే నిద్రపోతోంది.

ఇది లైట్ల సంగతి ఒక్కటే అయితే ఇంత రాయం. మన సంఘంలో పెళ్ళిళ్ళకు సీరియల్ సెట్లు ఎలా పెరిగాయో చూస్తూనే ఉన్నాం. ఒకాయన మండపం దాకా వేస్తే ఇంకొకాయన వీధి మలుపు దాకా వేయాలి, మూడో ఆయన మెయిన్ రోడ్డు దాకా. అది మనుషుల పరువు, పోనీలే అనుకున్నాం. నీళ్ళ కింద కూర్చున్న మష్రూముకు ఎవరి పరువుతోనూ పని లేదు. దానికి 74 వస్తే చాలు, అది 1,100 దాంట్లోంచి వచ్చిందా 80,000 దాంట్లోంచి వచ్చిందా అని అడగదు.

కరెంటు లెక్క కూడా వేశాం, గుమాస్తా బుద్ధి పోదు కదా. కొందరు పాత 250 వాట్ల మెటల్ హలైడ్ దీపాలు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయని అడుగుతున్నారు. వద్దు. బలాస్టుతో కలిపి 280 వాట్లు అనుకున్నా, రోజుకు ఎనిమిది గంటలకు 2.24 యూనిట్లు, రెండు నెలల బిల్లుకు 134. ప్రభుత్వం ఇచ్చే ఉచిత 100 యూనిట్లూ దీపానికే పోయి ఇంకా 34 బాకీ. మా ఎల్ఈడీ ఇప్పుడున్న మేరకు 50 వాట్లు, తొమ్మిది గంటలు, రెండు నెలలకు 27 యూనిట్లు. పైగా మెటల్ హలైడ్ వేడి నీళ్ళలోకి దిగుతుంది. చెన్నై కత్తిరి ఎండల్లో నీళ్ళు మామూలుగానే 30 దాటుతాయి, ఆపైన ఈ దీపం పెడితే చిల్లర్ కొనక తప్పదు, చిల్లర్ వేస్తే 500 యూనిట్లు దాటి బిల్లు తట్టే మారిపోతుంది. వేడికి పగడం ఏమవుతుందో మన మన్నార్ గల్ఫ్‌లోనే చూశాం. 2010లో, మళ్ళీ 2016లో సముద్రం కాగి పగడాలు తెల్లబారిపోయాయి. సముద్రానికే అంత కష్టమయితే నూట ఎనభై లీటర్ల తొట్టి ఎంత? టీ5 ట్యూబులు పరవాలేదు, వెలుతురు సమంగా పరుచుకుంటుంది, కానీ ఏడాదికొకసారి మార్చాలి. మార్చే ఖర్చు కలుపుకుని చూసుకోండి.

మన్నార్ గల్ఫ్ అన్నాం గనుక ఇంకో మాట. మన తూత్తుకుడి, కోవిల్‌పట్టి సభ్యుల్లో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, ఒకప్పుడు సున్నం కోసం సముద్రంలోంచి పగడపు రాళ్ళు తవ్వి పడవల్లో తెచ్చేవాళ్ళు. 1986లో 21 దీవులను కలిపి జాతీయ పార్కు చేశారు. 2001లో గట్టి పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రలనూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న పట్టికే. ఒక్క కొమ్మ విరిచి తెచ్చినా నేరం. బయటి దేశాల గట్టి పగడాలకు సైటీస్ కాగితాలు ఉండాలి. తమ్ముడి దగ్గర ఉన్నాయి, చూపించారు. అందరి దగ్గరా ఉంటాయా? పెద్ద లైటు కొన్నవాడికి దాని కింద పెట్టడానికి గట్టి పగడం కావాలి. కాగితాలున్న సరుకు ఖరీదు. అప్పుడు చెవిలో "ఊరి సరుకు ఉంది సార్, సగం ధర" అని ఒకడు ఊదుతాడు. మమ్మల్ని కూడా అడిగారు. చేతి నుంచి చేతికి పిల్లలు మారే మష్రూములకూ జోయాంథిడ్‌లకూ ఈ తంటా లేదు. చిన్న లైటు చాలే జాతులు పెంచుకునేవాళ్ళే సముద్రానికి తక్కువ బాకీ. వాళ్ళనా మనం హంతకులన్నది?

ఖరీదైన లైటు దండగ అని మేము అనడం లేదు. శబ్దం ఉండదు, వెలుతురు మచ్చలు మచ్చలుగా కాక సమంగా పడుతుంది, పాడైతే వారంటీ ఉంటుంది. అక్రోపోరా తోట వేసేవాళ్ళు, డబ్బున్నవాళ్ళు కొనుక్కోండి, మాకు సంతోషమే.

చవక లైటుకు నిజంగా ఉన్న జబ్బు వేరు, దాని గురించి తమ్ముడు రాయలేదు. షాకు. ఈ డబ్బాలకు ఏ ముద్రా ఉండదు. లోపల వైర్లు ఎలా అతికించారో దేవుడికెరుక. ఉప్పునీటి తుంపర ఫ్యాను దారిలో లోపలికి పోయి తెల్లగా పేరుకుంటుంది. మా ఇంటావిడకు ఒకసారి చెయ్యి జివ్వుమంది. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం, ఎర్తింగ్ చూపించాం. వైరు ప్లగ్గులోకి పోయేముందు కిందికి ఒక వంపు తిరిగి పోవాలి, అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. లైటును ప్లాస్టిక్ తాడుతో కాక స్టీలు తీగతో, కాంక్రీటులో దిగిన కొక్కేనికి వేలాడదీయాలి. నెలకోసారి ప్లగ్గు తీసేసి ఉప్పు తుడవాలి. దీనికి మాకు 3,800 అయింది. లైటులో మిగిల్చిన డబ్బులో మొదట ఖర్చు పెట్టవలసింది ఇక్కడ. పాప ఇంట్లో ఎర్తింగ్ లేదు. వచ్చే శనివారం మన సంఘంలోని ఎలక్ట్రీషియన్ అన్న కూలి లేకుండా వేసి ఇస్తామన్నారు, సామాను ఖర్చు మాది.

ఇక అడగవలసింది ఒకటే. మాకు తెలిసి మన సంఘంలో ఉప్పునీటి తొట్టి ఉన్న ఇళ్ళు ఏడు. పార్ మీటరు 50,000 దాటుతుంది, ఒక ఇంటికి దండగ, ఏడాదికి రెండుసార్లు కన్నా పని పడదు. ఏడు ఇళ్ళు పంచుకుంటే ఇంటికి ఏడెనిమిది వేలు. పాప వాటా మేము వేసుకుంటాం. సంఘం డబ్బు ఒక్క పైసా వద్దు. ఆఫీసు బీరువాలో ఒక అర, ఒక రిజిస్టరు చాలు. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తెచ్చిచ్చారు, అద్దం పగిలిందా అన్నది మేము రాస్తాం. ముప్పై అయిదేళ్ళు అదే పని చేశాం.

తమ్ముడూ, మీ మీద కోపంతో మొదలుపెట్టాం, కాఫీ తాగాక సగం తగ్గింది, మిగతా సగం ఉంది. పాప ఇంట్లో వచ్చిన 74 మీ ముందే చెప్పాం, మీరూ తలూపారు. ఆ తలూపడం గ్రూపులో ఎవరికీ కనబడలేదు. పాప వాళ్ళ నైనా అమ్మకం పోస్టు ఇంకా తీసేయలేదు, పాప ఒప్పుకోవాలట. మా మాట తాత మాట కింద కొట్టేస్తోంది. మీ పోస్టు కింద మీరే రెండు లైన్లు రాయండి, శనివారం లోపల.